లాగిన్‌తోపాటే వాలెట్: ఏడాదిన్నర వాడాక చెబుతున్నాను

వెబ్‌సైట్లకు లాగిన్ ఏర్పాటు చేసిపెట్టే కొన్ని సేవల్లో, మనిషి లాగిన్ కాగానే అతని పేరున ఒక క్రిప్టో వాలెట్, అంటే డిజిటల్ వస్తువులు దాచుకునే సంచి, దానంతటదే పుట్టే సెట్టింగు ఒకటి ఉంటుంది. ఈ సమీక్ష అంతా దాని గురించే. మొదటి పది నెలలు దానిని నెత్తిన పెట్టుకున్నాను. గత ఎనిమిది నెలలుగా ఆపి ఉంచాను. సేవ పేరు చెప్పను. ఈ కోవలోని చాలా సేవల్లో ఇలాంటి సెట్టింగే ఉంటుంది కనుక మీరు వాడుతున్నది ఏదైనా ఈ మాటలు పనికివస్తాయి.

నేను ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. పని మాత్రం విజయవాడలోని ఒక చీరల దుకాణానిది. మంగళగిరి చేనేత చీర కొన్నవారికి దానితోపాటు డిజిటల్ ధ్రువపత్రం ఇవ్వాలని వారు అడిగారు. గుంట మగ్గం మీద నేసిన చీరకూ మరమగ్గం నకలుకూ తేడా పట్టడం అందరివల్లా కాదు, మంగళగిరి చీరల గుర్తయిన నిజాం అంచును సైతం అచ్చంగా దింపేస్తున్నారు. అందుకని చీర మడతలో ఒక క్యూఆర్ చీటీ పెట్టాం. దానిని స్కాన్ చేసి లాగిన్ అయితే కొన్నవారి వాలెట్‌లోకి టోకెన్, అంటే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ చిట్టాలో నమోదైన ఆ ధ్రువపత్రం, చేరుతుంది. నేసినవారి పేరు, నేసిన నెల, నూలు కౌంటు అందులో ఉంటాయి. రేపు తల్లి ఆ చీరను కూతురికి ఇస్తే టోకెన్ కూడా కూతురి వాలెట్‌కు వెళ్లగలగాలి. వాలెట్ అవసరం అక్కడ వచ్చింది.

తొలి ప్రయత్నం మెటామాస్క్ అనే వాలెట్ యాప్‌తో చేశాం. 2048 పదాల జాబితాలోంచి వచ్చే 12 ఆంగ్ల పదాలను, వాలెట్‌ను తిరిగి తెరవడానికి కావలసినవాటిని, కాగితం మీద రాసుకుని భద్రంగా దాచుకోవాలి. దుకాణంలో మొదటిరోజు ఒక పెద్దాయన ఆ పదాలను బిల్లు వెనుక రాసుకున్నారు. ఆ బిల్లును గల్లా మీదే వదిలి వెళ్లారు. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. పైగా ‘క్రిప్టో’ అనే మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గేవారు. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ అని 2022 నుంచి అందరి చెవినా పడిన మాటే కదా.

అప్పుడు ఈ సేవ దొరికింది. ఫోను నంబరు, ఆరంకెల ఓటీపీ, అంతే. తెర వెనుక వాలెట్ తయారవుతుంది. వాలెట్‌ను తెరిచే రహస్య సంకేతాన్ని, అంటే తాళపుచెవిని, మూడు ముక్కలు చేసి ఒకటి ఫోనులో, ఒకటి సేవ దగ్గర, ఒకటి పునరుద్ధరణ కోసం వేరుగా ఉంచుతుంది. ఏ రెండు కలిసినా తాళం తెరుచుకుంటుంది. ఆది షమీర్ 1979లో చూపిన పద్ధతికి ఇది వాడుక రూపం. గ్యాస్ అనే లావాదేవీ రుసుము మేమే కడతాం కనుక కొన్నవారికి ఆ మాటే తెలియదు. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద 2024 మార్చిలో వచ్చిన డెన్‌కన్ మార్పు తరువాత, దాని మీద ఆధారపడి నడిచే రెండో పొర గొలుసుల్లో ఆ ఖర్చు మాకు లెక్కలోకి రానంత తగ్గింది. గల్లా దగ్గర నిలబడిన మనిషి చేతికి చీర సంచి అందేలోపు ధ్రువపత్రం తెర మీద ఉండేది. నేను అప్పట్లో తెలిసినవారందరికీ ఈ సేవ గురించి చెప్పాను. ఆ చెప్పినదానిని ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

ఒక రాత్రి దుకాణం యజమాని ఫోన్ చేశారు. గుంటూరులో ఒక రిటైర్డ్ టీచరుగారు తమ చీర నకిలీదని అంటున్నారట. కూతురి పెళ్లికి మా దగ్గరే కొన్న చీర. “మీ ఊరే కదండీ, పొద్దున్నే ఒకసారి వెళ్లి రండి” అన్నారు.

వెళ్లాను. ఆవిడ చీరను మడత విప్పకుండా బల్ల మీద పెట్టి ఉంచారు. పక్కన కూతురి ల్యాప్‌టాప్. దాని తెర మీద మా సైటు, అందులో నేను రాసిన వాక్యమే: “మీ వద్ద ధ్రువపత్రాలు ఏవీ లేవు.” ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు. “బాబూ, ఆ రోజు దుకాణంలో నా కళ్లతో చూశాను. ఇప్పుడు లేదంటోంది. అంటే తీసేశారా?” అని మాత్రం అడిగారు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ముందు ఆ వాక్యాన్ని చూస్తూ నిలబడటం నాకు కష్టంగా అనిపించింది.

ఆవిడ ఫోను తీసుకుని ఓటీపీతో లాగిన్ చేయించాను. ధ్రువపత్రం అక్కడే ఉంది. నేసినవారి పేరుతో సహా చెక్కుచెదరలేదు. ఫోనునూ ల్యాప్‌టాప్‌నూ పక్కపక్కన పెట్టి రెండింటిలో వాలెట్ చిరునామా తెరిచాను. ఒకటి చివర 9, డి, 4, 1. రెండోది చివర బి, 0, 7, ఇ. ఒకే మనిషి, రెండు వాలెట్లు.

జరిగింది ఇది. దుకాణంలో ఆవిడ ఫోను నంబరుతో లాగిన్ అయ్యారు. నాలుగు నెలల తరువాత వియ్యాలవారికి చూపించాలని కూతురు ల్యాప్‌టాప్‌లో సైటు తెరిచి, అమ్మ ఈమెయిల్ ఉందని గూగుల్ బటన్ నొక్కింది. సేవ దృష్టిలో ఫోను నంబరు ఒక మనిషి, ఈమెయిల్ మరొక మనిషి. ఆ ఇద్దరూ ఒకరేనని దానికి ఎవరు చెప్పాలి? కొత్త మనిషి వచ్చారనుకుని కొత్త ఖాతా తెరిచింది. నేను మురిసిపోయిన ఆ సెట్టింగు వెంటనే ఒక కొత్త వాలెట్‌నూ పుట్టించి చేతిలో పెట్టింది, ఖాళీది.

మామూలు వెబ్ అప్లికేషన్‌లో ఇది అరగంట పని. డేటాబేస్‌లో రెండు వరుసలను ఒకటి చేస్తే సరిపోతుంది. ఇక్కడ ఖాతాలను కలపవచ్చు గాని వాలెట్లను కలపలేము. ప్రతి చిరునామా దాని సొంత తాళపుచెవి నుంచి పుడుతుంది. రెండు చెవులను కలిపి ఒకటి చేసే మార్గం గణితంలోనే లేదు. పైగా ఖాతాలు కలపబోతే “ఈ ఈమెయిల్ మరొక ఖాతాకు చెందినది” అని సేవ అడ్డుకుంది. రెండో ఖాతాను తొలగిస్తేనే ఆ ఈమెయిల్‌ను మొదటి ఖాతాకు జోడించగలం. టీచరుగారి రెండో వాలెట్ ఖాళీగా ఉంది కనుక తొలగించి జోడించాను. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కాఫీ తాగి వెళ్లమన్నారు. చీర అప్పుడు విప్పి చూపించారు.

రెండు వాలెట్లలోనూ ధ్రువపత్రాలు ఉన్నవారి సంగతి వేరు. ముందు ఒక దానిలోంచి రెండోదానికి టోకెన్ పంపాలి. పంపడానికి వాడుకరి స్వయంగా పాత దారిలో లాగిన్ అయి సమ్మతి తెలపాలి. ఆ తరువాతే తొలగింపు. వరుస తప్పితే ఏమవుతుందో టెస్ట్‌నెట్‌లో, అంటే ప్రయోగాల కోసం ఉండే గొలుసు మీద, చేసి చూశాను. టోకెన్ గొలుసు మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. దానిని తీసే చెవి మాత్రం ఇక ఎవరి దగ్గరా లేదు. డ్యాష్‌బోర్డులో తొలగించు బటన్ పక్కన ఈ హెచ్చరిక ఒక్క ముక్క కూడా లేదు. ఈ సేవ మీద నాకు కోపం ఉన్నది ఇక్కడే.

ఆ వారమే రెండు మార్పులు చేశాను. మొదటిది, దానంతటదే వాలెట్ పుట్టే సెట్టింగును ఆపాను. ఇప్పుడు చీర చీటీ స్కాన్ అయి, టోకెన్ ఇవ్వబోయే క్షణంలోనే మా కోడ్ వాలెట్‌ను అడిగి తెప్పిస్తుంది. ఊరికే లాగిన్ అయినవారికి వాలెట్ ఉండదు. రెండవది, గూగుల్ బటన్‌ను లాగిన్ పేజీలోంచి తీసి ప్రొఫైల్‌లోకి మార్చాను. ముందు ఫోను నంబరుతో రావాలి, తరువాత కావాలంటే ఈమెయిల్ జోడించుకోవాలి. అప్పటి నుంచి కొత్తగా జంట వాలెట్ ఒక్కటీ పుట్టలేదు. ఖాళీ తెర మీది వాక్యం కూడా మార్చాను: “మీరు ఇంతకుముందు వేరే నంబరుతోగాని ఈమెయిల్‌తోగాని వచ్చారా?”

ఫోను నంబరునే ఆధారం చేసుకోవడం మీద కూడా నాకు పూర్తి ధైర్యం లేదు. మన దేశంలో వాడకం ఆగిపోయిన నంబరును 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చు. ఆ కొత్త మనిషి ఓటీపీ తెప్పించుకుంటే పాత మనిషి వాలెట్ తలుపు దాకా వస్తారు. మూడు ముక్కల్లో ఒకటి పాత ఫోనులో ఉండిపోవడం కొంత రక్షణే. కాని ఫోను పోగొట్టుకున్నవారి కోసం పెట్టిన పునరుద్ధరణ దారి ఇలాంటివారికీ తెరుచుకుంటుందేమోనన్న శంకతో, మూడు నెలలుగా వేలిముద్రతో తెరిచే పాస్‌కీని రెండో తాళంగా అడుగుతున్నాం. పెద్దవయసువారు చాలామంది దానిని దాటవేస్తున్నారు, బలవంతం చేయలేకపోతున్నాం.

నాకు ఇంకా నమ్మకం నిలిపిన విషయం ఒకటి ఉంది. తాళపుచెవిని బయటకు తీసుకునే వీలు ఇస్తామని ఈ సేవ చెప్పింది, నిజంగానే ఇచ్చింది. నా సొంత ఖాతా చెవిని బయటకు తీసి మెటామాస్క్‌లో పెట్టాను. మా అమ్మకు కొన్న ఆకుపచ్చ చీర ధ్రువపత్రం మా సైటు ప్రమేయం లేకుండా అక్కడ కనిపించింది. రేపు ఈ సేవ మూతపడినా, మేము మరో సేవకు మారినా, కొన్నవారి వస్తువు వారి దగ్గరే ఉంటుంది. అందుకే ఇంతకాలమైనా దీనిని వదిలిపెట్టలేదు.

మీకు పనికివస్తుందా అంటే, నా పరిస్థితి ఇది: దుకాణం ఒకటి, వాడుకరులు కొన్ని వందలమంది, వాలెట్లలో ఉన్నది డబ్బు కాదు, చీర పత్రం. డబ్బు ఉంచే అప్లికేషన్ అయితే నా అనుభవాన్ని అంత దూరం లాగకండి. మీ వాడుకరులకు ముందే సొంత వాలెట్ ఉంటే వారి చేత సంతకం చేయించి లాగిన్ ఇచ్చే ఇథీరియం పద్ధతి చాలు, ఈ సేవకు నెలనెలా డబ్బు కట్టనక్కరలేదు. మా దుకాణానికి వచ్చేవారిలాంటివారే మీకూ ఉంటే తీసుకోండి, కాని ఆ సెట్టింగును మొదటిరోజే ఆపండి.

మొదటి పది నెలల్లో పుట్టిన జంట వాలెట్లను ఇంకా ఒక్కొక్కటిగా విడదీస్తున్నాను. వాడుకరి ఖాళీగా ఉండే ఆదివారం చూసి ఫోన్ చేసి, పాత దారిలో లాగిన్ చేయించి, టోకెన్ పంపించి, అది చేరిందని వారి కళ్లతో చూశాకే రెండోది తొలగిస్తాను. ఇంకా పదకొండు మిగిలాయి.