అరవింద్ గుప్తా అగ్గిపుల్లల పుస్తకం - ఇద్దరు పిల్లలు వాడేశాక నా రివ్యూ

మా ఇంట్లో పిల్లల సైన్సు పుస్తకాలకి లోటు లేదండీ, బుక్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఏదో ఒకటి కొనకుండా రాను, నున్నటి పేపరు మీద డైనోసార్లు, గ్రహాలు ఉన్న పెద్ద పెద్ద ఎన్‌సైక్లోపీడియాలు కూడా ఉన్నాయి. అవన్నీ ఇప్పటికీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి, వాటితో వచ్చిన చిక్కే అది. అట్ట ఊడి, పేజీలకి ఫెవికాల్ అంటుకుని ఉన్నది మాత్రం అరవింద్ గుప్తా 'మ్యాచ్‌స్టిక్ మోడల్స్' ఒక్కటే. మా అమ్మాయి వాడేసింది, ఇప్పుడు చిన్నోడి చేతిలో ఉంది.

ఆయన ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో (ఇప్పటి టాటా మోటార్స్) ఇంజనీరుగా చేస్తూ 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ వైపు పల్లెటూరి బడుల్లో సైన్సు చెప్పే ప్రోగ్రామ్‌లో చేరారు, సైకిల్ వాల్వ్ ట్యూబు (టైరులో గాలి కొట్టే చోట ఉండే సన్నటి రబ్బరు గొట్టం), అగ్గిపుల్లల ఐడియా అప్పటిదే. 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది.

చేసేది పెద్ద ఏం లేదు. వాల్వ్ ట్యూబుని చిన్న చిన్న ముక్కలు కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లని అటొకటి ఇటొకటి దూర్చడమే, అది జాయింటు అయిపోతుంది. (మైనం పుల్లలు పనికిరావు, వంగిపోతాయి, చెక్కవే తెచ్చుకోండి.) నాలుగు పుల్లలతో చతురస్రం చేసి వేలితో నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది, మూడింటితో త్రిభుజం చేస్తే ఎటు నొక్కినా కదలదు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ మావాడు ఆ తర్వాత రాజమండ్రి దగ్గర రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే కిటికీకి అతుక్కుపోయి "నాన్నా అన్నీ త్రిభుజాలే" అని మొదలెట్టి, ఊరొచ్చేదాకా కరెంటు టవర్లూ, రేకుల షెడ్లూ ఏవీ వదల్లేదు. ఎన్‌సైక్లోపీడియాలో బ్రిడ్జిల మీద రెండు పేజీలు ఉన్నాయి, వాడు చదివాడు కూడా, కానీ ఆ చదివింది ఎక్కడా బయటికి రాలేదు.

ఆయన పుస్తకాల్లోనే బ్యాటరీ సెల్లు, అయస్కాంతం, రెండు పిన్నీసులు, రాగి తీగ చుట్టతో చేసే మోటారు ఒకటుంది. తీగ మోటారు వైండింగ్ షాపులో అడిగితే ఇస్తారు. దాని మీద వార్నిష్ ఉంటుంది కదా, ఒక చివర చుట్టూ గీకాలి, రెండో చివర సగం వైపే గీకాలి. రెండూ పూర్తిగా గీకేస్తే చుట్ట ఊగుతుంది తప్ప సరిగ్గా తిరగదు, ఎందుకంటే సగం తిరిగాక అదే కరెంటు దాన్ని వెనక్కి లాగుతుంది, సగమే గీకితే ఆ టైముకి కరెంటు ఆగిపోయి ఊపు మీద తిరిగేస్తుంది. ఇప్పుడు నేను చెప్పిన ఈ 'ఎందుకు' అనేది పుస్తకంలో వెతుక్కోవాలి. ఎలా చేయాలో బొమ్మలతో బ్రహ్మాండంగా చూపిస్తారు, కారణం దగ్గర మాత్రం రెండు లైన్లలో తేల్చేస్తారు. పక్కన పెద్దవాళ్ళు ఒకరు కూర్చోకపోతే పిల్లలకి అది ఆటవస్తువు దగ్గరే ఆగిపోతుంది, నాకు దీంట్లో కనిపించిన అసలు లోటు ఇదే.

ఇంకోటి, సామాన్లు పాతబడ్డాయి. ఫిల్మ్ రీలు డబ్బాలు ఇప్పుడెక్కడ తెస్తాం? వాల్వ్ ట్యూబు కూడా కొత్త సైకిళ్ళకి ఉండట్లేదు, పాత సైకిల్ షాపుల్లో అడగాలి, మా దగ్గర షాపతను "ఇదెవరు కొంటారు సార్" అని నవ్వాడు. దొరక్కపోతే శనగలు రాత్రంతా నానబెట్టి టూత్‌పిక్‌లు గుచ్చండి, చీపురు పుల్లలైనా పర్లేదు, ఆరాక శనగ గట్టిపడి భలే పట్టేస్తుంది. కాకపోతే జాయింటు మళ్ళీ కదలదు కాబట్టి చతురస్రం ఒరిగే సంగతి అవి ఆరకముందే చూపించేయాలి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకైతే కళ్ళు మూసుకుని కొనేయొచ్చు. మా అమ్మాయి దాన్ని దాటేసి పెరెల్మాన్ అనే రష్యన్ రచయిత ఫిజిక్స్ పుస్తకాలకి వెళ్ళింది, 1913 నాటి సరుకు కాబట్టి ఉదాహరణలు పాతవే కానీ 'ఎందుకు' దగ్గర ఆయన్ని కొట్టేవాళ్ళు లేరు, టెన్త్ దగ్గరికొచ్చిన పిల్లలకి అవి ఇవ్వండి. తెలుగు చదవగలిగే పిల్లలుంటే జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి అనే పిల్లల సైన్సు పత్రిక కూడా తెప్పించుకోండి.

అరవింద్ గుప్తా సైట్‌లో ఆయన పుస్తకాలు ఫ్రీగా దొరుకుతాయి, తెలుగువి కూడా ఉన్నాయి. కాకపోతే పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టి పిల్లల చేతికివ్వకండి, రెండు నిమిషాల్లో యూట్యూబ్‌లో తేలతారు. జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ వేయించండి, ఫెవికాల్ అంటినా బాధుండదు.