కాంటా మీద తూచిన కుర్తీ బట్ట

నల్లగొండ ప్రకాశం బజార్‌లోని ఒక సందులో, బోర్డు కూడా లేని ఒక దుకాణంలో ప్రింటు బనియన్ గుడ్డను కిలోల లెక్కన అమ్ముతున్నారు. దారి అడిగితే చుట్టుపక్కల వాళ్ళు "కిలో బట్టల దుకాణమా?" అని తిరిగి అడుగుతారు కనుక నేనూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాను. గత సంక్రాంతి నుంచి ఇప్పటివరకు అక్కడ ఆరుసార్లు బట్ట కొని, ఇంటర్నెట్‌లో కొన్న ఒకే ఒక పేపర్ కటింగ్‌ను (బట్ట మీద పెట్టి కత్తిరించుకునే కాగితపు నమూనాను) ఆధారం చేసుకుని, ఇంట్లోనూ పనికి వెళ్ళేటప్పుడూ వేసుకునే తొమ్మిది కుర్తీలు, రెండు నైటీలు కుట్టుకున్నాను. ఈ సమీక్ష ఆ బట్ట గురించీ, ఆ పేపర్ కటింగ్ గురించీ. బట్ట నన్ను చాలావరకు సంతృప్తిపరచింది. పేపర్ కటింగ్ మాత్రం సగమే.

చీరకో జాకెట్టుకో కొనే బట్ట మగ్గం మీద పడుగూ పేకా కలిసి తయారవుతుంది. బనియన్ గుడ్డ అలా కాదు, నూలును ఉచ్చులుగా అల్లుకుంటూ పోతారు. ఆ ఉచ్చులు విచ్చుకుంటాయి కనుకనే అది సాగుతుంది, వదిలితే మళ్ళీ తన రూపానికి వస్తుంది. బటన్లూ జిప్పూ అక్కరలేకుండా తల మీదుగా వేసుకోవచ్చు, ఇస్త్రీ అవసరం దాదాపు ఉండదు, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే మా ఊరిలో చెమటను పీల్చే నూలు బనియన్ గుడ్డకు మించిన రోజువారీ బట్ట నాకు కనిపించలేదు. దుకాణంలోని సరుకు అంతా తమిళనాడులోని తిరుప్పూర్ నుంచి వస్తుందని యజమాని చెప్పాడు. అల్లిక బట్టలకు దేశంలో పెద్ద కేంద్రం అదే కనుక ఆ మాటను సందేహించవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ముందుగా చెప్పవలసినది ధర లెక్క, ఎందుకంటే నేను మొదట బోల్తా పడింది అక్కడే. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు తానులు చూపించారు. పల్చని గుడ్డ కిలో 520 రూపాయలు, మందపు గుడ్డ కిలో 460 రూపాయలు. "మందపుది తీస్కో అక్కా, అగ్వకు అగ్వ, గట్టికి గట్టి" అని యజమాని అంటే, అగ్వ అంటే చౌక కనుక, నేను సంతోషంగా తలూపి మందపుదే ఒక కిలో తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి పరిచి చూస్తే రెండున్నర మీటర్లే ఉంది. తరువాత కూర్చుని లెక్క వేసుకున్నాను. అల్లిక బట్ట మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు, వ్యాపారులు దాన్నే జీఎస్ఎం అంటారు. పల్చనిది 170, మందపుది 220. రెండింటి పన్నా, అంటే బట్ట వెడల్పు, 72 అంగుళాలు, అంటే సుమారు 1.83 మీటర్లు. ఆ లెక్కన పల్చని గుడ్డ మీటరు 311 గ్రాములు తూగుతుంది, కిలోకు 3.2 మీటర్లు వస్తుంది. మందపు గుడ్డ మీటరు 403 గ్రాములు తూగుతుంది, కిలోకు రెండున్నర మీటర్లు దాటదు. కనుక 520 రూపాయల గుడ్డ మీటరు 162 రూపాయలకు పడుతుంటే, అగ్వ అనుకున్న 460 రూపాయల గుడ్డ మీటరు 185 రూపాయలకు పడింది. ఇందులో యజమాని మోసమేమీ లేదు, ఆయన నిజంగానే తూచి ఇచ్చాడు. బట్ట తాను మధ్యలోని అట్టగొట్టాన్ని తీసి పక్కన పెట్టి, కాంటా సున్నా చూపించాకే బట్ట పెట్టాడు. అయితే జీఎస్ఎం ఎంతో అడగకుండా కిలో ధరను మాత్రమే పోల్చుకునే కొనుగోలుదారుకు ఈ పద్ధతి తప్పక నష్టం చేస్తుంది. తానుకు కట్టిన చీటీ మీద ఆ అంకె రాసే ఉంటుంది, అడిగితే చూపిస్తారు, అడగకపోతే చెప్పరు.

పల్చని గుడ్డ నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఒక పోగు పీకి నిప్పు అంటిస్తే కాగితంలా కాలి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగిలింది. మందపు గుడ్డను "ప్యూర్ కాటన్" అనే చెప్పి ఇచ్చారు గానీ, దాని పోగు కాలుతూ ముడుచుకుని చివర గట్టి నల్లపూసలా నిలిచింది. అందులో పాలిస్టర్ కలిసి ఉందని ఆ పూసే చెబుతుంది. ఆ కుర్తీని ఏప్రిల్ మధ్యాహ్నం వేసుకుని బస్సు ఎక్కినప్పుడు, నిప్పు పరీక్షతో పనిలేకుండానే ఆ సంగతి నా వీపుకు తెలిసింది. తరువాత వెళ్ళినప్పుడు ఈ మాట అంటే యజమాని కాదనలేదు, "మిక్స్ ఉంటది అక్కా, చలికాలంల మంచిగుంటది" అన్నాడు. మొదటి రోజే ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది.

ప్రింట్లు ఈ దుకాణానికి అసలు బలం. చిన్న చుక్కలు, సన్నని తీగలు, ఆవగింజంత పూలు ఉన్న తానులు కనీసం ముప్ఫై ఉంటాయి, రెండు నెలలకొకసారి మారుతుంటాయి. ప్రింటు రెండు రకాలుగా ఉంటుందని తెలుసుకుని కొనడం మంచిది. రంగు నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ ప్రింటును వేలితో రాస్తే ఏమీ తెలియదు. పైపైన అతుక్కునే పిగ్మెంట్ ప్రింటు కొంచెం బిరుసుగా తగులుతుంది, రాపిడి ఉన్నచోట, ముఖ్యంగా చంకల దగ్గరా పిరుదుల దగ్గరా, ముందుగా వెలిసిపోతుంది. నేను కొన్నవాటిలో నాలుగు మొదటి రకం, రెండు రెండో రకం. మా బోరు నీళ్ళ కాఠిన్యానికి సబ్బు మడ్డి బట్ట మీద పేరుకుని ఏ రంగైనా మసకబారుతుంది కనుక, వెలిసిన ప్రతి రంగుకూ దుకాణాన్నే నిందించడం న్యాయం కాదు.

ఒక్క ప్రింటు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఇక్కత్ నమూనాను అచ్చు వేసిన బనియన్ గుడ్డను దుకాణం ముందు వరుసలో వేలాడదీసి "పోచంపల్లి డిజైన్" అని అమ్ముతున్నారు. ఇక్కత్ నేతకు పేరున్న పోచంపల్లీ పుట్టపాకా 2016లో జిల్లాలు విడదీసేదాకా మా నల్లగొండ జిల్లాలోనివే. నూలును ముందే కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేసే ఇక్కత్‌లో నమూనా బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఈ గుడ్డను తిప్పి చూస్తే వెనుక తెల్లగా ఉంది. బట్టగా అది చెడ్డదేమీ కాదు, ఇక్కత్ చీర ధర పెట్టలేని వాళ్ళు ఆ గీతల అందం కోసం కొనుక్కుంటే తప్పు పట్టలేము. కానీ ఆ ఊరి పేరును దానికి తగిలించకుండా ఉండవలసింది.

కుట్టేవాళ్ళు ప్రత్యేకంగా గమనించవలసిన లోపం మరొకటి ఉంది, అది దుకాణంలో నిలబడి చూస్తే కనిపించదు. సింగిల్ జెర్సీ అనే పల్చని అల్లికలో, నూలుకు ఉన్న పురి కారణంగా ఉచ్చుల వరుసలు నిట్టనిలువుగా నిలవక ఒక పక్కకు ఒరుగుతాయి. మిల్లులో గుడ్డను లాగి సరిచేసి, దాని మీద ప్రింటు వేస్తారు. మొదటి ఉతుకుతో గుడ్డ తన అసలు ఒరుగుకు తిరిగిపోతుంది. నా రెండో కుర్తీ పక్క కుట్టు, మొదటిసారి ఉతికి ఆరేశాక, నడుము దిగిన దగ్గర నుంచి మెల్లగా ముందుకు తిరిగి మోకాలి దగ్గరకు వచ్చేసరికి తొడ మధ్యకు చేరింది. తప్పు నా కుట్టులో ఉందనుకుని విప్పి మళ్ళీ కుట్టాను, మళ్ళీ తిరిగింది. ఇప్పుడు బట్ట తెచ్చిన రోజే గోరువెచ్చని నీళ్ళలో రెండుసార్లు ఉతికి, తాడు మీద వేలాడదీయకుండా మంచం మీద పరిచి ఆరబెట్టి, ఆ తరువాతే కత్తెర పడుతున్నాను. ఆ ఉతుకులో మీటరు పొడవు 94 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, అంటే ఉతక్కుండా 40 అంగుళాల కుర్తీ కుట్టుకున్న వాళ్ళకు చివరికి 38 అంగుళాలు కూడా మిగలదు. కత్తిరించేటప్పుడు ప్రింటు గీతను అనుసరించాలా, అల్లిక వరుసను అనుసరించాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. అల్లికనే అనుసరించాలి. చిన్న చుక్కల ప్రింటులో ఆ తేడా ఎవరికీ కనిపించదు; అడ్డచారల గుడ్డలో, పెద్ద పూల గుడ్డలో దాచడం అసాధ్యం. అందుకే ఈ దుకాణంలో పెద్ద ప్రింట్లు ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి పోవద్దని చెబుతాను.

ఇక పేపర్ కటింగ్. మన టైలర్లు ఆది జాకెట్టు చూసి నేరుగా బట్ట మీద సుద్ద గీస్తారు. నాకు ఆ చేతివాటం లేదు కనుక సాగే బట్ట కోసమే గీసిన ఒక విదేశీ కుర్తీ నమూనాను కొన్నాను. అది కంప్యూటర్ ఫైలుగా వస్తుంది, 24 ఏ-4 కాగితాల మీద ముద్రించి అంచులు కలిపి అతికించుకోవాలి. మొదటి కాగితం మీద 5 సెంటీమీటర్ల చతురస్రం ఒకటి ఉంటుంది, స్కేలు పెట్టి దాన్ని కొలిచాకే మిగతావి ముద్రించమని రాసి ఉంటుంది. నేను కొలవలేదు. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటరు ఫైలును కాగితానికి సరిపెట్టుకుని 96 శాతానికి తగ్గించింది, 36 అంగుళాల ఛాతీ 34న్నరకు దిగింది, ఆ కుర్తీ ఇప్పుడు మా చెల్లి కూతురు వేసుకుంటోంది. ఇది నమూనా తప్పు కాదు.

నమూనా తప్పు వేరే ఉంది. అది 168 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషికి గీసినది, నేను 155. కింద అంచు దగ్గర కత్తిరించి పొట్టి చేసుకుంటే సరిపోతుందని సూచనల్లో రాశారు గానీ, అలా చేస్తే నడుము ఒంపు నా తుంటి మీదకు వచ్చి కూర్చుంది. చంకకూ నడుముకూ మధ్య ఒక అంగుళంన్నర మడిచి, మిగతాది కింద తగ్గించాక గానీ కుదరలేదు. అటువంటి మడత గీత కాగితం మీద ముందే గీసి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు, ధర చూస్తే ఇచ్చి ఉండవలసినదే. చేతుల చుట్టుకొలత కూడా మన ఆడవాళ్ళ దండచేతులకు బిగుతు. అర అంగుళం పెంచాను. మెచ్చుకోవలసినది మెడ పట్టీ లెక్క. మెడ చుట్టుకొలత కంటే పట్టీని చిన్నదిగా కత్తిరించి, సాగదీస్తూ కుట్టమని కొలతలతో సహా చెప్పారు, ఆ ఒక్క పాఠంతో నా కుర్తీల మెడలు వేలాడడం మానేశాయి. బట్టకు కనీసం 40 శాతం సాగు ఉండాలన్న షరతు కూడా స్పష్టంగా ఉంది. దుకాణంలోనే బట్టను అడ్డంగా 10 సెంటీమీటర్లు పట్టుకుని స్కేలు పక్కన లాగి చూడవచ్చు. పల్చని గుడ్డ సులువుగా 14 దాకా వచ్చింది, మందపుది పన్నెండున్నర దగ్గర మొండికేసింది.

మిషన్ గురించి రెండు మాటలు చాలు. నిటారు కుట్టు మాత్రమే వేసే తొక్కుడు మిషన్ మీద ఈ బట్ట కుడితే, తల దూర్చగానే దారం పటుక్కున తెగుతుంది. సన్నని జిగ్‌జాగ్ వేసే మిషన్ కావాలి, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి. మామూలు సూది ఉచ్చును కోసి చిల్లు పెడుతుంది, ఆ చిల్లు నిచ్చెనలా పాకుతుంది. ఇంత బనియన్ గుడ్డ అమ్మే దుకాణంలో ఆ సూది ఒక్కటీ దొరకకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఓవర్‌లాక్, అంటే అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు, మాత్రం పక్కింటి టైలర్ అక్క దగ్గరే, కుర్తీకి 30 రూపాయలు. ఆమె మొదట "గిది కుట్టి ఏం బాగుపడ్తవమ్మా, రెడీమేడ్ దొర్కదా" అని నవ్వింది, ఈ మధ్య తన కోసం నా పేపర్ కటింగ్ అడిగి తీసుకుంది.

పన్నా వెడల్పుగా ఉండడం వల్ల ముందు భాగం, వెనుక భాగం, చేతులు పక్కపక్కనే పడతాయి, ఉతుకు తరుగుతో కలిపి 1.2 మీటర్లతో ఒక కుర్తీ తేలుతుంది. పల్చని గుడ్డ ధరలో అది 195 రూపాయలు, ఓవర్‌లాక్‌తో 225. దారం, నా ఆదివారం మధ్యాహ్నం ఈ లెక్కలో లేవు. ఈ ధరకు బజార్లో రెడీమేడ్ కుర్తీ దొరకదని కాదు; దొరికినవి నా భుజాలకు జారిపోయేవి, నా చేతులకు బిగిసేవి, జేబు అసలే లేనివి. ఇప్పుడు తొమ్మిదింటికీ ఫోను పట్టేంత జేబు ఉంది.

వెళ్ళేవాళ్ళు టేపు, చిన్న స్కేలు వెంట తీసుకువెళ్ళండి, మధ్యాహ్నం పూట వెళ్ళండి, సాయంత్రం ఆ ఇరుకులో తాను విప్పి చూసే వీలుండదు. కోసిన బట్టను తిరిగి తీసుకోరు. గుమ్మం పక్కన గోనెసంచిలో కట్‌పీసులు కిలో 300 రూపాయలకు ఉంటాయి. కుర్తీకి చాలవు గానీ, మెడ పట్టీలకూ, పిల్లల బనియన్లకూ, చేయి తిరిగేదాకా పాడుచేసుకోవడానికీ అరకిలో తెచ్చుకుంటే సరిపోతుంది.