పిల్లి పియానో కచేరీ: ‘ది క్యాట్ కాన్సెర్టో’

టామ్ అండ్ జెర్రీ కార్టూన్లలో ఒక్కటే చూసే తీరిక ఉందని ఎవరైనా అంటే, 1947లో విడుదలైన ‘ది క్యాట్ కాన్సెర్టో’ను చూడమని నేను తడుముకోకుండా చెబుతాను. ఎం.జి.ఎం. సంస్థ కోసం విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా దర్శకత్వం వహించిన ఈ చిత్రం నిడివి దాదాపు 8 నిమిషాలు. ఉత్తమ కార్టూన్ లఘుచిత్రంగా ఆస్కార్ కూడా దీనికే దక్కింది.

కథ చిన్నది. సూటు, బో టై ధరించి, సభకు నమస్కరించి, టామ్ పియానో ముందు కూర్చుంటాడు. స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ 1847లో పియానో కోసం రచించిన రెండవ హంగేరియన్ రాప్సొడీని (స్వేచ్ఛగా సాగే వాద్యరచనను) ఎత్తుకుంటాడు. పియానో లోపల, మీట నొక్కితే తీగను కొట్టే సుత్తుల మీద నిద్రపోతున్న జెర్రీ, ఆ సుత్తులు లేచి పడడంతో మేలుకొని కయ్యానికి దిగుతాడు.

మిగిలిన చిత్రాలలో టామ్ కేకలు పెట్టవచ్చు, తరమవచ్చు, చేతికందిన వస్తువును విసరవచ్చు. ఇక్కడ మాత్రం ఎదురుగా సభ ఉన్నది కాబట్టి వాయిద్యం ఆపే వీలు లేదు. మైకు కీచుమన్నా, పక్కవాద్యం శ్రుతి తప్పినా, ముఖంలో ప్రసన్నత చెదరనీయకుండా కీర్తనను ముగించే విద్వాంసులను మన నెల్లూరు టౌన్‌హాలులో చూసినవారికి టామ్ అవస్థ ఇట్టే అర్థమవుతుంది. హాస్యమంతా ఆ బిగువులోనే ఉంది.

ఒక ఘట్టాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. టామ్ వాయిస్తున్న చోటికి పక్కనే కొన్ని తెల్ల మీటలు తీసివేసి, జెర్రీ అక్కడ ఎలుకల ఉచ్చు అమరుస్తాడు. టామ్ వేళ్లు దానికి అటూ ఇటూ ఉన్న మీటల మీద పరుగులు తీస్తాయి. ప్రతి స్వరానికీ మనం ఊపిరి బిగబడతాము; ఇక ప్రమాదం తప్పిందనుకున్నంతలో వేలు పడనే పడుతుంది. పాత్రల వేళ్లు మీటల మీద ఉజ్జాయింపుగా ఆడకుండా, వినిపించే స్వరానికి తగిన చోటనే పడుతున్నట్లు కనిపించడం ఈ చిత్రంలో నేను అన్నిటికన్నా మెచ్చుకునే సంగతి. ప్రతి కదలికనూ చేత్తో గీసి, పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద రంగులద్దిన కాలంలో ఆ పొంతన కుదర్చడం మామూలు శ్రమ కాదు.

స్కాట్ బ్రాడ్లీ సంగీత నిర్వహణ కూడా అంతే గొప్పగా ఉంది. లిస్ట్ రచన విలంబంగా మొదలై, రెండవ భాగంలో ద్రుత కాలాన్ని అందుకుంటుంది. కయ్యం కూడా ఆ కాలగతినే అనుసరించి ముదురుతుంది. మాట ఒక్కటి కూడా లేదు, అవసరమూ పడలేదు. సంభాషణలు లేకుండా ‘పుష్పక విమానం’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారి జిల్లా వాళ్లకు ఆ విద్య విలువ వేరే చెప్పనక్కరలేదు.

నాకు రుచించనిది మధ్యలో రాప్సొడీని విడిచి అమెరికన్ రైలు పాట ఒకటి కాసేపు వినిపించడం. ఆ పాట తెలిసిన నాటి ప్రేక్షకులు నవ్వి ఉంటారు కానీ, తెలియనివారికి అక్కడ పట్టు కొంత సడలుతుంది. ఇదే రచనతో, ఇలాంటి హాస్యంతో వార్నర్ బ్రదర్స్ వారి కుందేలు బగ్స్ బన్నీ చిత్రం ‘రాప్సొడీ ర్యాబిట్’ 1946లోనే వచ్చింది. ఎవరు ఎవరిని అనుకరించారన్న వివాదం కూడా నడిచింది. రెండూ చూశాక నా ఓటు టామ్‌కే. కుందేలుకు సభ అంటే లక్ష్యం లేదు, టామ్‌కు ఉంది.

ఐదారేళ్ల పిల్లలతో చూసేటప్పుడు వేళ్లు నలిగే సన్నివేశాల దగ్గర పెద్దలు పక్కన ఉండడం మంచిది. ఇప్పటి వెడల్పు టీవీలలో బొమ్మను సాగదీసి చూడకండి. పాత తెర కొలతలోనే, రెండు పక్కలా నల్లని ఖాళీ వదిలి చూడండి. టీవీ స్పీకర్లు బలహీనంగా ఉంటే విడి స్పీకర్లు తగిలించుకోండి, ఎందుకంటే మీటల వరుస కొసన ఉన్న స్వరాలు వినబడకపోతే అక్కడ కత్తెర పట్టుకొని పొంచి ఉన్న జెర్రీ హాస్యం సగం పోతుంది.