గాలి పంపు అక్కర్లేని ఆర్టీమియా డిష్: రెండు సంక్రాంతుల తర్వాత

చేపలకి తిండిగా వేసే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే, రొయ్యలాంటి బుల్లి జీవి) గుడ్లని పొదిగే ఈ డిష్ కొన్న నెలకే కనిపించినవాళ్లందరికీ చెప్పేశాను, కళ్లు మూసుకుని కొనేయండి అని. అప్పటికి చలికాలం రాలేదు.

ఉప్పునీటి చేపల ట్యాంకు ఉన్నవాళ్లకి ఈ డిష్ సంగతి తెలిసే ఉంటుంది. నల్లటి పళ్లెం, లోపల గుండ్రటి అడ్డుగోడలు, నల్లటి మూత, మూత మధ్యలో కన్నం, దాని కింద బుల్లి జల్లెడ. అంచున గుడ్లు చల్లితే, హ్యాచ్ అయిన పిల్లలు వెలుతురు కోసం మధ్యలోకి ఈదుకుంటూ వస్తాయి. పెంకులు చీకట్లోనే మిగిలిపోతాయి.

నేను కొన్నది మాండరిన్ చేప కోసం. షాపులో కుర్రాడు "తినడం నేర్చుకుంటది అన్నా" అని ధైర్యం చెప్పి ఆ చేపని అంటగట్టాడు. అది నేర్చుకున్నదేమీ లేదు. పెల్లెట్ (గుళికల మేత) ముక్కు ముందు పడితే కళ్లు తిప్పి ఒకసారి చూసి, పక్కనుంచి వెళ్లిపోయేది. మైసిస్ అనే బుల్లి రొయ్యల్ని గడ్డకట్టించి అమ్ముతారు, వాటికీ అదే మర్యాద. కదిలేది అయితేనే దానికి తిండి. మూడో వారానికి తల వెనక పక్కలు లోపలికి పోయాయి, పొట్ట అతుక్కుపోయింది.

మొదట అందరిలాగే కూల్‌డ్రింక్ బాటిల్ కోసి, తలకిందులుగా పెట్టి, ఎయిర్ పంపుతో ఆర్టీమియా తీశాను. రాత్రీ పగలూ ఒకటే గడగడ. "ఇంట్లో ఎప్పుడూ పప్పు ఉడుకుతున్నట్టే ఉంటుంది, తినడానికి మాత్రం ఉండదు" అని మా అత్తగారు విసుక్కునేవారు. శబ్దం సంగతి సరే, అందులో పిల్లలన్నీ ఒక్కసారే తయారవుతాయి. మాండరిన్ నోరేమో చిన్నది. రోజంతా రాళ్ల మీద తిరుగుతూ ఒక్కొక్కటే ఏరుకుని తినే రకం అది. గ్లాసుడు పిల్లల్ని ఒకేసారి వదిలితే సగం క్లౌన్ చేపల పాలు, మిగతాది ఫిల్టర్ పాలు.

డిష్‌లో నాకు నచ్చింది అక్కడే. పిల్లలు కొద్దికొద్దిగా, ఒకటిన్నర రోజు పాటు వస్తూనే ఉంటాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జల్లెడ ఎత్తి, ఆర్వో నీళ్లతో కడిగి, పంపులు ఆపి, గొట్టం తగిలించిన సిరంజితో మాండరిన్ తిరిగే రాయి దగ్గర వదులుతాను. మొదటిసారి వదిలినప్పుడు అది ఆగింది, మెడ వంచినట్టు వంగి చూసింది, టక్కున పొడిచింది. మళ్లీ పొడిచింది. అవతల ఆఫీసు కాల్‌లో నా పేరు రెండుసార్లు పిలిచారట, నాకు వినబడలేదు. రెండు నెలల్లో పొట్ట గుండ్రంగా వచ్చింది.

ఆ ఘనతంతా డిష్‌కే ఇచ్చాను. కానీ డిష్ తెచ్చిన వారంలోనే ట్యాంకులో ఉన్న సిక్స్‌లైన్ రాస్ అనే ఇంకో చేపని కూడా పట్టి తీసేశాను, అది చెప్పడం మర్చిపోయాను. మాండరిన్‌కి అసలు తిండి రాళ్లలో పుట్టే కోపిపాడ్లు, అంటే కంటికి ఆనీ ఆనని పురుగుల్లాంటి జీవులు. ఆ రాస్ కూడా రోజంతా వాటినే ఏరుకు తింటుంది, పైగా చురుకైంది. రెండూ ఒకే కంచంలో చేయి పెట్టినట్టు. దాన్ని పట్టడానికి సగం రాళ్లు బయటికి తీయాల్సి వచ్చింది. ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో (సంప్) చీటో అనే నాచు వేసి కోపిపాడ్లు పెంచడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. కాబట్టి ఆ పొట్టలో డిష్ వాటా ఎంత, మిగతా వాటి వాటా ఎంత అని అడిగితే విడదీసి చెప్పలేను.

ఇక సంక్రాంతి సంగతి. నాలుగు రోజులు అత్తగారి ఊరికి, నెల్లూరు వైపు వెళ్లాం. పై పోర్షన్‌లో ఇంటర్ చదివే అబ్బాయికి అంతా చూపించాను. మధ్యలో జల్లెడ మాత్రమే తీసి వదలాలి అని మూడుసార్లు చెప్పాను. కానీ జనవరిలో హైదరాబాద్ రాత్రులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. డిష్‌లో హీటర్ లేదు, నీళ్లు పళ్లెంలో పల్చగా ఉంటాయి, గదితో పాటే చల్లబడతాయి. గుడ్లకి పాతిక డిగ్రీల పైన ఉంటేనే హుషారు. రెండు రోజులైనా జల్లెడలో ఏమీ రాలేదు. పాపం, చేప పస్తులుంటుందని ఆ అబ్బాయి భయపడి డిష్ మొత్తం ట్యాంకులో ఒంపేసి ఫోన్ చేశాడు. "అంకుల్, ఫుడ్ వేసేశాను" అన్నాడు. వీడియో పంపితే చూశాను. ట్యాంకులో ఎవరో ఇన్‌స్టంట్ కాఫీ కలిపినట్టుంది.

తిరిగొచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. తలుపు తీసి చూస్తే మాండరిన్ రాయి మీద తాపీగా పొడుచుకుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే లైటు పక్కన నారింజ రంగు చుక్కలు కదులుతున్నాయి. చలికి డిష్‌లో ఆగిపోయిన గుడ్లు, ట్యాంకులో ఇరవై ఆరు డిగ్రీల నీళ్లు తగలగానే లేచాయి! డిష్ చేయాల్సిన పని ట్యాంకు చేసిపెట్టింది. ఇదేదో చిట్కా అనుకోకండి. గోధుమరంగు పెంకులు నెల రోజుల దాకా నీళ్లు కిందికి పొర్లే ఓవర్‌ఫ్లో దువ్వెన పళ్లలో, ఫిల్టర్ సాక్‌లో (వడపోత సంచి), గాజు అంచున నీటిగీత మీద వస్తూనే ఉన్నాయి. సాక్ రోజూ ఉతికాను.

ఆ తర్వాత డిష్‌ని థర్మోకోల్ డబ్బాలో పెట్టి, పైన పాతకాలపు చిన్న బల్బు వేలాడదీశాను, కోడిపిల్లలకి పెట్టినట్టు. వెచ్చదనానికి వెచ్చదనం, మధ్య కన్నానికి కావలసిన వెలుతురూ అదే. రెండో చలికాలం ఇబ్బంది లేకుండా గడిచింది. ఈ ముక్క కంపెనీవాళ్లు అట్టపెట్టె మీద ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? "గది ఉష్ణోగ్రతలో పనిచేస్తుంది" అని మాత్రం రాశారు. ఏ ఊరి గది?

ఇంకోటి. పుట్టిన కొద్ది గంటలే ఆర్టీమియా పిల్లలో పచ్చసొన బలం ఉంటుంది, ఆ తర్వాత అది తగ్గిపోతుంది. మెల్లగా వస్తాయి కాబట్టి, జల్లెడ తీయడం ఆలస్యమైతే మనం పెట్టేది బలం లేని ఉత్త ఊకే. నేను ఇంటి నుంచే పనిచేస్తాను, మూడు పూటలా తీయగలను. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి తిరిగేవాళ్లకి ఇదే డిష్ ఇంత ముద్దుగా ఉండకపోవచ్చు. గుడ్ల ఖర్చు కూడా నాకు తెలీదనే చెప్పాలి. మా బావమరిది తీరంలో రొయ్యపిల్లల హ్యాచరీలో పనిచేస్తాడు, 425 గ్రాముల డబ్బా ఒకటి తెచ్చిస్తే చిన్న సీసాల్లో పోసి, తడి తగలకుండా ఫ్రిజ్‌లో దాచుకుంటాను. బయట కొనుక్కోవాల్సి వస్తే ఈ సమీక్షలో ఇంకో రెండు పేరాల గొణుగుడు ఉండేదేమో.

రెండో సంక్రాంతికి మేం ఊరు వెళ్లలేదు. బావమరిదే వచ్చాడు, డబ్బాతో.