జాగ్రత్త: ‘బ్యాకప్ సర్వర్’ అని చెప్పి రెండో కంప్యూటర్ అంటగడుతున్నారు

సర్వర్ కొటేషన్ చేతిలో పెట్టుకుని అడ్వాన్స్ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న చిన్న వ్యాపారస్తుల కోసం ఇది రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు చెప్పడం లేదు, లాయర్ నోటీసు నడుస్తోంది. పేరు కన్నా వాళ్ల పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. బిల్లింగ్, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, ఏ మెడికల్ షాపు ఎంత బాకీ, అన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. అది ఆగితే కౌంటర్ ఆగినట్టే. అందుకే ఇంకొకటి కావాలని ఒక కంపెనీవాళ్లను అడిగాం. “మెయిన్ సర్వర్ కాలిపోయినా పది నిమిషాల్లో రెండోదాని మీద బిల్లు కొట్టుకోవచ్చు, అంతా ఆటోమేటిక్ సార్” అన్నారు. లక్షా ఎనభై వేలు తీసుకున్నారు.

వాళ్లు పెట్టి వెళ్లింది బ్యాకప్ కాదు, సింక్. మెయిన్ సర్వర్‌లో ఏ ఫైలు మారినా కాసేపట్లో రెండోదానిలోనూ మారిపోతుంది. బిల్లు బుక్కులో కార్బన్ పేపర్ లాంటిది: పైన తప్పు రాస్తే కింద కాపీలోనూ అదే తప్పు పడుతుంది. నిన్నటి డేటా, పోయిన వారం డేటా అంటూ విడివిడిగా ఏమీ దాచదు. సర్వర్ కాలిపోతే ఇది ఆదుకుంటుంది, నిజమే. కానీ డేటానే పాడైతే?

మాకు సరిగ్గా అదే జరిగింది. ఒక పొద్దున షాపు తెరిచేసరికి ఫైళ్ల పేర్ల చివర ఏవేవో అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడుగుతూ ఒక నోట్. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. రెండో సర్వర్ తెరిస్తే అక్కడా అవే ఫైళ్లు, అదే నోట్. రాత్రంతా సింక్ తన పని తాను శుభ్రంగా చేసుకుపోయింది.

ఎలా దూరిందని వేరే ఇంజనీర్‌తో చూపించాం. రిమోట్‌గా సర్వీస్ చేయడానికి వీలుగా ఆ కంపెనీవాళ్లు మా రౌటర్‌లో 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ఒక దారి) ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేశారు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేది ఆ పోర్టే. దొంగలు రోజంతా వెతికేది కూడా దాన్నే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమో వాళ్ల కంపెనీ పేరు, పక్కన 123. వాళ్ల దగ్గరే కొన్న మరో షాపులో అడిగితే అక్కడా అదే పాస్‌వర్డ్! చిన్న షాపుల జోలికి ఎవరొస్తారులే అనుకోకండి. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తగిలింది. ఇలాంటివి మనిషిని చూసి రావు, తెరిచిన తలుపు చూసి వస్తాయి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే “వైరస్ ఏఎంసీలోకి (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలోకి) రాదు సార్” అన్నారు. “రెయిడ్ ఉంది కదా” అని కూడా అన్నారు. రెయిడ్ 1 అంటే ఒకే డేటాను రెండు డిస్కుల మీద ఒకేసారి రాయడం. ఒక డిస్కు చెడిపోతే రెండోదానితో పని నడుస్తుంది, అంతవరకే. ఫైలు డిలీట్ అయినా, లాక్ అయినా రెండింటిలోనూ అవుతుంది. రెయిడ్‌ను బ్యాకప్ అని చెప్పి అమ్మేవాడికి పని తెలియదు, లేదా మీకు తెలియదని ధైర్యం.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కులు చూస్తే పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్కు నడిచిన గంటలు, 31 వేలు దాటి ఉన్నాయి. ఏడాదంతా ఆపకుండా నడిస్తే 8,760 గంటలు. అంటే ఎక్కడో మూడున్నరేళ్లు తిరిగిన డిస్కులను కొత్తవని మాకిచ్చారు. బిల్లులో ‘సర్వర్ అసెంబుల్డ్, 1’ అని ఒకే లైను, సీరియల్ నంబర్లు లేవు. ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది. ఈ గంటల లెక్కను కూడా సున్నాకు తెచ్చేవాళ్లున్నారు. 2025 మొదట్లో జర్మనీలో పాత సీగేట్ డిస్కులు అలాగే కొత్తవిగా అమ్ముడైనట్టు బయటపడింది. కాబట్టి సీరియల్ నంబరును తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.

దొంగలకు డబ్బు కట్టలేదు. నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళం చెవులు ఉచితంగా దొరుకుతాయి, మాకు పట్టినదానికి దొరకలేదు. ఆడిటర్ దగ్గర పాత ట్యాలీ కాపీ ఒకటి ఉండబట్టి కొంత నిలబడింది. కొనుగోళ్ల బిల్లులు జీఎస్టీఆర్-2బీ (మనకు అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపించిన బిల్లుల పట్టిక) నుంచి దించుకున్నాం. కానీ అందులో బ్యాచ్ నంబర్లు ఉండవు, షాపులవాళ్లు ఎంత కట్టారో ఉండదు. బాకీలు షాపుషాపుకీ ఫోన్ చేసి అడిగి రాసుకుంటున్నాం. చాలామంది నిజాయితీగానే చెప్పారు, కొందరు నవ్వి ఊరుకున్నారు.

కొనబోయేవాళ్లు ఒక్క పని చేయండి. మిగతా డబ్బు ఇచ్చే ముందు, మీ కళ్లెదుట ఒక ఫోల్డర్ డిలీట్ చేసి, మూడు రోజుల క్రితం కాపీని బ్యాకప్ నుంచి తిరిగి తెమ్మనండి. దాన్ని మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. తేలేకపోతే అది బ్యాకప్ కాదు. మెయిన్ సర్వర్ పాస్‌వర్డ్‌తో బ్యాకప్ సర్వర్‌లోకి వెళ్లగలిగితే దొంగ కూడా వెళ్లగలడు, వేరే పాస్‌వర్డ్ పెట్టించండి. ఇవన్నీ ఉన్నా, వారానికోసారి కాపీ తీసి కేబుల్ పీకి ఇంటికి తీసుకెళ్లే ఒక యూఎస్‌బీ డిస్కు ఉండాలి. మాకు అమ్మిన ప్యాకేజీ మొత్తం కన్నా ఆ ఒక్క డిస్కే నయం.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2022లో సవరించిన నిబంధన ప్రకారం లెక్కల బ్యాకప్ ప్రతిరోజూ మన దేశంలోని సర్వర్‌కు చేరాలి. ఇలాంటి సైబర్ దాడి జరిగితే సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 6 గంటల్లోపు తెలపాలి. పోలీసు ఫిర్యాదు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో చేయవచ్చు.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్దామంటే లాయర్ కష్టమే అన్నారు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సాధారణంగా వినియోగదారులు కారు. సొంతంగా పని చేసుకుంటూ బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది కానీ, మాది స్టాఫ్ ఉన్న పార్ట్‌నర్‌షిప్. అందుకే సివిల్ దారి పట్టాం.

మీ కొటేషన్‌లో ‘రియల్ టైమ్ సింక్ బ్యాకప్’ అని ఒక్క లైనే ఉంటే, రేట్లు, పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తాను.