రంపపు పొట్టు నూనెకు జియోలైటా, హైడ్రోజనా?

మన సిరొంచ వైపు కోతమిల్లుల్లో మిగిలే టేకు పొట్టును గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర గబగబా వేడిచేస్తే నల్లటి బయో ఆయిల్ వస్తుంది. ఘాటైన పొగ వాసన, ఆమ్ల గుణం. బరువులో 35–40 శాతం ఆక్సిజనే. ఇనుమును తినేస్తుంది, నిల్వ ఉంచితే చిక్కబడుతుంది.

కోబాల్ట్-మాలిబ్డినం ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ పట్టిస్తే ఆక్సిజన్ చాలావరకు నీరుగా పోయి, మంచి ఇంధనం మిగులుతుంది. కానీ ఒత్తిడి తరచూ 100 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు) దాటాలి. అది రిఫైనరీల పని.

జియోలైట్ అంటే సన్నటి రంధ్రాలున్న ఖనిజ ఉత్ప్రేరకం. దానికి మామూలు ఒత్తిడి చాలు, హైడ్రోజన్ అక్కర్లేదు. పొట్టు నుంచి వచ్చే నూనె ఆవిరి దానిగుండా వెళ్తూనే మారిపోతుంది. నష్టమూ ఉంది: ఆక్సిజన్‌తో పాటు కార్బన్ కూడా పోయి నూనె తగ్గుతుంది. జియోలైట్ గింజల మీద మసి పేరుకుంటుంది, గాలిలో కాల్చి వదిలించాలి.

మిల్లు పక్కన పెట్టాలంటే నా ఓటు జియోలైట్‌కే. పొట్టును మాత్రం ముందు బాగా ఎండబెట్టాలి. ఆ తడి అంతా నూనెలోకే చేరుతుంది.