రోజువారీ ప్రయాణాల్లో పోర్షే 911 కరేరా

2024 మార్పులకు ముందటి 992 తరం పోర్షే 911 కరేరాలోని మూడు లీటర్ల ట్విన్ టర్బో ఇంజిన్ 385 హార్స్‌పవర్ ఇస్తుంది. అయినా ఎనిమిది గేర్ల పీడీకే (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ పుణ్యమా అని రద్దీలో అది కుదుపుల్లేకుండా, మామూలు కారంత సాధువుగా నడుస్తుంది. ఇంజిన్ వెనుక ఉండటంతో ముందు వైపు 132 లీటర్ల డిక్కీ అమరింది. కూరగాయల సంచులు పడతాయి గానీ పెద్ద సూట్‌కేసు పట్టదు. వెనుక సీట్లు మర్యాదకు ఉన్నవే, చిన్నపిల్లలకు తప్ప ఎవరికీ చాలవు. అసలు చికాకు స్పీడ్ బ్రేకర్ల దగ్గరే: ముందు భాగం నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కనుక, దాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు పైకెత్తే సదుపాయాన్ని, అదనపు ఖర్చే అయినా, కొనేటప్పుడే తీసుకోవాలి. వెడల్పాటి టైర్ల రొద గరుకు రోడ్లపై లోపలికి గట్టిగానే వినిపిస్తుంది. తడిని పసిగట్టి డ్రైవరును హెచ్చరించే వెట్ మోడ్ మాత్రం వానలో నిజంగా ధైర్యాన్నిస్తుంది.